చిన్న వాలు చాలు

మన వైపు కుటుంబాలు టూరు వేసుకునే తీరు ఒకసారి గుర్తు చేసుకోండి. ఆరు రోజులు, తొమ్మిది ఊర్లు. తెల్లవారుజామున నాలుగింటికి పిల్లల్ని లేపి, సగం నిద్రలోనే స్వెటర్లు తొడిగి, వ్యానెక్కించి, చూడాల్సినవన్నీ చూపించి, ప్రతి చోటా ఫొటో దిగి, రాత్రి పదింటికి గదికి చేర్చడం. ఇంటికొచ్చాక పిల్లవాణ్ని "ఏం చూసినవురా?" అని అడిగితే హోటల్లో లిఫ్టు ఉన్న సంగతి చెబుతాడు. డబ్బు ఖర్చయింది, సెలవులు అయిపోయాయి. ఇంట్లోవాళ్లకు ఒకరి గురించి ఒకరికి కొత్తగా తెలిసింది మాత్రం ఏమీ లేదు.

ఈ అధ్యాయంలో చెప్పబోయే సెలవు వేరు. ఒకే కొండ, ఒకే వాలు, ఒక వారం. ఆ వారంలో ఇంటిల్లిపాదీ ఒక కొత్త పనిని ఓనమాల నుంచి నేర్చుకోవడం. ఆ పని మంచు మీద స్కీయింగ్. ఎండాకాలం నలభై అయిదు డిగ్రీలు కాసే, కాజీపేట పక్కనున్న మడికొండలో కూర్చుని మంచు గురించి మాట్లాడటం ఏమిటని అనిపించవచ్చు. నా ఉద్దేశంలో మడికొండ వాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది.

ఎందుకంటే మన ఇళ్లల్లో పిల్లలు పెద్దవాళ్లను ఎప్పుడూ అన్నీ వచ్చినవాళ్లుగానే చూస్తారు. సైకిల్ నేర్పేది నాన్న, ఎక్కాలు అప్పజెప్పించుకునేది అమ్మ, బావిలో ఈత నేర్పేది మామయ్య. తల్లిదండ్రులు తడబడుతూ, పడుతూ, మళ్లీ లేస్తూ ఒక పని నేర్చుకోవడం పిల్లలు కళ్లారా చూసే సందర్భమే రాదు. అందుకే లెక్క తప్పినప్పుడు ఆ తప్పు తనొక్కడికే జరుగుతోందని పిల్లవాడు లోలోపల కుంగిపోతాడు. స్కీయింగ్ దగ్గర ఆ తేడా పోతుంది. మన ఇంట్లో ఎవరికీ రాదు. తాతకు రాదు, తండ్రికి రాదు, ఆరో తరగతి చదివే అమ్మాయికీ రాదు. నలుగురూ ఒకే వరసలో నిలబడి, ఒకే గురువు చెప్పిన మాట విని, ఒకే మంచులో పడతారు. ఇలాంటి అవకాశం కాశ్మీరులోనో మనాలిలోనో పుట్టినవాళ్లకు ఉండదు. మనకుంది.

చోటు ఎంచుకునేటప్పుడు పేరు చూసి మోసపోకండి. మన దేశంలో స్కీయింగ్ అనగానే అందరూ గుల్మార్గ్ అంటారు. గొప్ప చోటే. అక్కడి గొండోలా రోప్‌వే రెండో అంచె అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అయితే ఆ ఎత్తు అనుభవజ్ఞులది. మొదటిసారి వెళ్లే కుటుంబానికి కావలసింది కింద ఉన్న చిన్న వాలు మాత్రమే. మనాలి పక్కన సోలంగ్ లోయ ఉంది. దాని దగ్గరి బురువా ఊరి అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం గెలిచింది. స్కీయింగ్‌లో మన దేశానికి వచ్చిన తొలి అంతర్జాతీయ పతకంగా దాన్ని చెబుతారు. కానీ సెలవుల్లో సోలంగ్ తిరునాళ్లలా ఉంటుంది. దారి పొడవునా కోట్లు, బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు, పది నిమిషాలు స్కీల మీద నిలబెట్టి ఫొటో తీసి పంపించే కుర్రాళ్లు. ఆ పది నిమిషాలను చూసి స్కీయింగ్ ఇంతేనని అనుకుంటే ఈ అధ్యాయమంతా వృథా. సోలంగ్‌కే వెళ్లదలిస్తే జనం పలచబడే ఫిబ్రవరి మధ్య వారాల్లో వెళ్లి, రోజుల లెక్కన నేర్పే గురువును కుదుర్చుకోండి.

నేను చెప్పేది ఔలి. ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లా, జోషిమఠ్‌కు పైన. దేవదారు చెట్ల అంచున 2,500 నుంచి 3,000 మీటర్ల ఎత్తు వరకు పరుచుకున్న వాలు. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. 2011 జనవరిలో దక్షిణాసియా శీతాకాల క్రీడల మంచు పోటీలు ఇక్కడే జరిగాయి. ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసుల పర్వతారోహణ, స్కీయింగ్ శిక్షణ సంస్థ కూడా ఇక్కడే ఉంది. పోటీలు జరిగే వాలు వేరు, మొదటిసారి వచ్చినవాళ్లు నేర్చుకునే వాలు వేరు. మనది రెండోది. ఊరంటూ పెద్దగా లేదు, షాపింగ్ వీధి లేదు, సాయంత్రం ఆరు దాటితే చేసేదేమీ ఉండదు. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇదే కలిసొచ్చే విషయం. చేసేదేమీ లేనప్పుడే పిల్లలు మాట్లాడతారు. ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వసతి గృహం నడుపుతుంది, మంచు కురిసే నెలల్లో వారం రోజుల కోర్సు, రెండు వారాల కోర్సు పెడుతుంది. వారం కుదరనివాళ్లకు జోషిమఠ్ కుర్రాళ్లు రోజువారీగా నేర్పుతారు.

మంచుతో తెలుగువాళ్లకు ఏం సంబంధమని అడిగేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. వెంట ఖమ్మం వైపు కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నవాళ్లు. వాళ్ల శిక్షణ మొదలైంది హిమాలయాల్లో కాదు, భువనగిరి బండ మీద. కాజీపేట నుంచి హైదరాబాద్ వెళ్లే రైల్లో కిటికీలోంచి మనమంతా చూసే ఆ నల్లటి ఏకశిల మీదే తాడు పట్టుకోవడం, కాలు మోపడం, భయాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నారు. డార్జిలింగ్, లద్దాఖ్ ఆ తర్వాత వచ్చాయి. ఎవరెస్ట్‌కు భువనగిరి సరిపోయినప్పుడు, ఔలి చిన్న వాలుకు మన మడికొండ మెట్టుగుట్ట ధారాళంగా సరిపోతుంది.

సరిపోతుందని ఊరికే అనడం లేదు. ఆ గుట్ట మీది మెట్టు రామలింగేశ్వరస్వామి గుడి మెట్లు ఎక్కడం దిగడం స్కీయింగ్‌కు తగిన వ్యాయామం, ముఖ్యంగా దిగడం. అందరూ ఎక్కడమే కష్టమనుకుంటారు. స్కీల మీద ఉన్నప్పుడు మాత్రం పని చేసేది తొడల ముందు భాగం. మోకాళ్లు కొద్దిగా వంచి, శరీర బరువును పట్టి ఉంచుతూ కిందికి జారాలి. మెట్లు నెమ్మదిగా దిగేటప్పుడు పని చేసేవీ ఆ కండరాలే. బయలుదేరడానికి ఆరు వారాల ముందు నుంచి వారానికి మూడు పొద్దుల్లో ఇంటిల్లిపాదీ గుట్ట దగ్గరికి వెళ్లండి. మామూలుగా ఎక్కండి. దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టు మీద రెండు లెక్కపెట్టేంతసేపు ఆగి, మోకాలు కాలివేళ్లకు సూటిగా ఉండేలా చూసుకుంటూ దిగండి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ గుట్ట మీది బండల స్తంభాల దగ్గరికి వచ్చేసరికి తొడలు వణికితే వ్యాయామం సరిగ్గా జరిగినట్టు. మొదటి వారం వణుకు ఎక్కువ, మూడో వారానికి సర్దుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లు మానేసి చదును నేల మీద నడవండి, స్కీల సంగతి ఎముకల డాక్టర్‌ను అడిగాకే తేల్చుకోండి.

ఈ ఆరు వారాల్లో ఇంకొకటి జరుగుతుంది. ఐటీ పార్కులో షిఫ్టులు చేసే తల్లిదండ్రులకు పొద్దున పిల్లలతో గంటసేపు మాట్లాడే వీలు దొరుకుతుంది. సైయెంట్, టెక్ మహీంద్రా మడికొండలో 2020 జనవరిలో కార్యాలయాలు తెరిచాక ఇక్కడి ఇళ్లల్లో జీతాలు పెరిగాయి, తీరిక తగ్గింది. అందుకే నా దృష్టిలో సెలవు మొదలయ్యేది గుట్ట మెట్ల దగ్గరే.

చలి అంటే ఏమిటో పిల్లలకు ముందే తెలియాలంటే హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004 నుంచి నడుస్తున్న స్నో వరల్డ్‌కు ఒక పూట తీసుకెళ్లండి. అక్కడి మంచుకూ కొండ మంచుకూ పోలిక లేదు. అయినా చేతులు చల్లబడితే ఎలా ఉంటుంది, గ్లౌజు తీస్తే ఏమవుతుంది, ఎప్పుడు బయటికి వచ్చెయ్యాలని అనిపిస్తుంది అన్నవి పిల్లలకు అర్థమవుతాయి.

ఎప్పుడు వెళ్లాలన్నది కొంచెం చిక్కు ప్రశ్న. మన బడులకు సెలవులుండేది సంక్రాంతికి. మంచు నమ్మకంగా ఉండేది జనవరి చివరి నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు. సంక్రాంతికి వెళ్తే మంచు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఫిబ్రవరిలో వెళ్తే బడికి కొన్ని రోజులు సెలవు చీటీ రాయాలి. ఇంట్లో పదో తరగతో ఇంటరో చదివేవాళ్లుంటే ఆ ఏడాది ఈ ఆలోచన మానుకోండి, మరుసటి ఏడు వెళ్లొచ్చు. చిన్న తరగతుల పిల్లలైతే ఫిబ్రవరి మొదటి పక్షం మేలు. ఆ రోజుల పాఠాలు తర్వాత రాసుకోవచ్చు. రైలు టికెట్లు అరవై రోజుల ముందు నుంచే ఇస్తారు కాబట్టి డిసెంబర్ మొదట్లోనే కూర్చుని తేదీలు ఖాయం చేసుకోవాలి.

ఖర్చు దగ్గర మనవాళ్లు తప్పు చోట పొదుపు చేస్తారు. స్కీలు, బూట్లు, కర్రలు, హెల్మెట్ కొనక్కర్లేదు, అక్కడ అద్దెకు దొరుకుతాయి. ఒంటికి తగిలే బట్టలు మాత్రం సొంతవి ఉండాలి. లోపల థర్మల్స్, వాటి మీద ఉన్ని స్వెటరో ఫ్లీసో, పైన నీరు పట్టని కోటు, ప్యాంటు. జీన్స్ వద్దు, నూలు బనియన్లు వద్దు. నూలు చెమటను పీల్చుకుని తడిగానే ఉంటుంది, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. మన ఎండలకు హాయినిచ్చే గుణమే అక్కడ మనల్ని వణికిస్తుంది. మేజోళ్లు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. మడతలు పడి కాలు ఒరుసుకుంటుంది, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే ఉన్ని మేజోళ్లు ఒక జత చాలు. గ్లౌజులు మాత్రం మనిషికి రెండు జతలు పెట్టుకోండి. పిల్లలు మధ్యాహ్నానికల్లా ఒక జతను తడిపేస్తారు. కళ్లద్దాలు, ముఖానికి రాసుకునే సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు. పడ్డ అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా కొత్త మంచు తిరిగి పైకి కొడుతుంది. చలిలో ఎండ తెలియదు, రాత్రికి ముక్కు, పెదాలు మండుతాయి, కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. ఇంత ఖర్చు పెట్టి గురువును మాత్రం రోజుకు వంద తగ్గించమని బేరమాడటం నాకు నచ్చదు. మీ పిల్ల ఎముకలు ఆయన చేతిలో ఉన్నాయి.

ఇక దారి. ఉదయం కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఉదయానికి ఢిల్లీ. అక్కడి నుంచి హరిద్వార్ చేరి రాత్రి పడుకోండి. మూడో రోజు రిషికేశ్ మీదుగా జోషిమఠ్. రిషికేశ్ నుంచి దాదాపు 250 కిలోమీటర్లే గానీ కొండ దారి, పగలంతా పడుతుంది. పొద్దున ఆరింటికల్లా బయలుదేరితే చీకటి పడకముందు చేరతారు. మలుపుల్లో కడుపులో తిప్పే పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి, ఫోన్ చేతికివ్వకండి, దూరంగా కనిపించే కొండను చూడమనండి. ప్రయాణానికి ముందు పూరీలు, నూనె వంటలు వద్దు. రెండు ఇడ్లీలో అరటిపండో చాలు.

ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ఈ దారి ఆమెది. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ వరసగా వస్తాయి. జోషిమఠ్‌లో నరసింహస్వామి ఆలయం ఉంది. శీతాకాలంలో బదరీనాథ్ గుడి మూసినప్పుడు ఆదిశంకరుల గద్దెను తెచ్చి ఉంచేది ఇక్కడే. యాదగిరిగుట్ట, ధర్మపురి నరసింహులను కొలిచే మన వైపు పెద్దవాళ్లకు మంచుకొండల్లో ఆ స్వామి ఎదురైతే ఎంత ఆనందమో చెప్పలేం. పిల్లలు కొండ మీద జారుతుంటే ఆమె కింద గుడిలో గడపవచ్చు. ఎవరి సెలవు వాళ్లకు దక్కాలి.

జోషిమఠ్‌లో ఒక రాత్రి తప్పకుండా ఆగాలి. అది 1,900 మీటర్లకు దగ్గర. మడికొండ ఉన్నది మూడు వందల మీటర్లకు లోపే. ఒంటికి అలవాటు పడే వ్యవధి ఇవ్వకుండా నేరుగా పైకి పోతే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. నీళ్లు బాగా తాగండి, మొదటి రోజు పరుగులు వద్దు. తలనొప్పి తగ్గకపోతే ఇంకా పైకి వెళ్లకండి, వాంతులు కూడా అవుతుంటే కిందికి దిగండి. మాత్రల సంగతి మీ డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా అసలే వెళ్లొద్దు.

ఆ ఊరి గురించి ఇంకో మాట. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగింది. వందల ఇళ్లకు బీటలు పడ్డాయి, కుటుంబాలు రాత్రికి రాత్రి సామాన్లు సర్దుకుని శిబిరాలకు వెళ్లాయి. జోషిమఠ్ నుంచి ఔలికి వెళ్లే రోప్‌వే అప్పుడే ఆగిపోయింది. బయలుదేరే ముందు రోప్‌వే పరిస్థితి, రోడ్డు పరిస్థితి కనుక్కోండి. రోప్‌వే నడవకపోతే జీపులో వెళ్లాలి. అక్కడికి పోయి రోప్‌వే లేదని డ్రైవర్ మీద విసుక్కోవడం సరికాదు. ఇల్లు బీటలు వారిన మనిషి మనకు టీ ఇస్తున్నాడేమో మనకు తెలియదు. ఆ ఊరివాళ్ల గదుల్లో ఉండండి, వాళ్ల దుకాణంలో తినండి, నీళ్లు పొదుపుగా వాడండి, చిప్స్ ప్యాకెట్ల ఖాళీ కవర్లు సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చుకోండి. ఈ విషయాలు పిల్లలకు రైల్లోనే చెప్పండి.

ఇప్పుడు వాలు మీదికి వద్దాం. మొదటి పూటంతా బూట్లతోనే పోతుంది. స్కీ బూటు ఇనప పెట్టెలా గట్టిగా ఉంటుంది. మడమ లోపల లేవకూడదు, వేళ్లు మాత్రం కదలాలి. మోకాళ్లు వంచితే కాలి ముందెముక బూటు నాలుకకు ఆనాలి. అలా ఆనకపోతే బూటు మార్చమని అడగండి, మొహమాటపడకండి. పొద్దున తప్పు బూటు వేసుకున్నవాళ్లు మధ్యాహ్నానికి "నాకు ఈ ఆట రాదు" అంటారు. నిజానికి ఆట సంగతి వాళ్లకింకా తెలియనే తెలియదు. మొదటిసారికి స్కీ పొడవు గడ్డం దాకా వస్తే చాలు, అంతకంటే పొడవైనవి తిప్పడం కష్టం.

తర్వాత పడటం నేర్పుతారు. పక్కకు, తుంటి మీదికి కూర్చున్నట్టు పడాలి. చేతులు చాచి ఆపుకోబోతే మణికట్టుకో బొటనవేలికో దెబ్బ. లేచేటప్పుడు స్కీల కొనలు వాలు కిందికి చూడకూడదు. రెండు స్కీలనూ వాలుకు అడ్డంగా, శరీరానికి కింది వైపున పెట్టి, పై వైపు చేతిని మంచులో ఆనించి లేవాలి. కొనలు కిందికి ఉంటే లేస్తూనే జారిపోతారు. ఈ ఒక్క సంగతి ఒంటికి పట్టేదాకా గురువు మిమ్మల్ని ముందుకు పోనివ్వకపోతే ఆయన మంచి గురువని అర్థం.

ఆగడానికి మొదట నేర్పేది ముందు కొనలు దగ్గరకు, మడమలు దూరంగా తోసే భంగిమ. అరిటాకు కొసలా ముందు సన్నగా, వెనుక వెడల్పుగా స్కీలు నిలుస్తాయి. మడమలు ఎంత వెడల్పుగా తోస్తే అంత నెమ్మదిస్తారు. మొదటి రెండు రోజులు ఇది వస్తే చాలు.

అన్నిటికంటే కష్టమైంది ముందుకు ఒరగడం. వాలు చూడగానే మనిషికి భయం వేస్తుంది, భయం వేయగానే వెనక్కి వాలతాడు. వెనక్కి వాలితే స్కీల ముందు భాగం మీద బరువు పోతుంది, అవి మాట వినవు, వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ఇంకా వెనక్కి వాలతాడు. భయపడ్డప్పుడు ఒళ్లు తనంతట తాను చేసే పనే ప్రమాదాన్ని పెంచుతుంది. ఇది చెబితే అర్థం కాదు, పడితేనే తెలుస్తుంది. పిల్లలకు ఇది తొందరగా పట్టుబడుతుంది. వాళ్ల ఒళ్లు నేలకు దగ్గర, పడతామన్న బెంగ తక్కువ.

మన వైపు నుంచి వెళ్లిన ఒక తండ్రిని ఆ వాలు మీద చూశాను. ఆఫీసులో పాతిక మందికి పని చెప్పే మనిషి. మంచులో కూర్చుండిపోయాడు, కోటు లోపల చెమటలు. తొమ్మిదేళ్ల కూతురు పక్కకు అడుగులేసుకుంటూ, స్కీ అంచులు మంచులో దిగేలా తొక్కుతూ పైకి వచ్చి ఆయన పక్కన ఆగింది. "డాడీ, నువ్వు ఎన్కకు ఒరుగుతున్నవ్. సార్ చెప్పిండు కదా, బూటుకు కాలు ఆనియ్యాలె" అంది. ఆయన లేచి నాలుగు గజాలు జారి మళ్లీ పడ్డాడు. "ఏం కాదు, ఈసారి ముందటికంటే ఎక్కువ దూరం పోయినవ్" అంది ఆ పిల్ల. లెక్కల పరీక్షలో తక్కువ మార్కులొచ్చినప్పుడు తనకు ఎవరైనా చెప్పాలని కోరుకునే మాటలనే ఆ పిల్ల తండ్రికి చెప్పిందని నాకనిపించింది. ఇంటికెళ్లాక ఆ తండ్రి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే తీరు మారకుండా ఉంటుందా?

అందుకే వాలు మీద తల్లిదండ్రులు పాటించాల్సినవి కొన్ని గట్టిగా చెబుతున్నాను. పిల్లలకు మీరు నేర్పకండి, గురువు నేర్పుతాడు. అన్నకు వచ్చింది, తమ్ముడికి రాలేదని పోల్చకండి. పడ్డప్పుడు వీడియో తీసి బంధువుల గ్రూపులో పెట్టకండి. పడినవాళ్లు అడిగితేనే చెయ్యందించండి, లేకపోతే లేచేదాకా పక్కన నిలబడండి. భర్త పడ్డాడని భార్య, భార్య పడిందని భర్త పిల్లల ముందు ఎగతాళి చేయడం ఆ క్షణంలో సరదాగా ఉంటుంది, కానీ మరుసటి రోజు ఆ పడ్డవాళ్లు వాలు ఎక్కరు.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. వాలు కింద బెంచీ మీద సంచులు, ఫోన్లు, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషి దాదాపు ఎప్పుడూ అమ్మే. "నాకెందుకులే, మీరు ఆడుకోండి" అంటుంది. ఆ మాటను నమ్మకండి. ఇంట్లో అందరికీ పెట్టి చివరన తినే అలవాటే అక్కడ అలా మాట్లాడిస్తుంది. టికెట్లు కొన్న రోజే నలుగురికీ పాఠాల డబ్బు కట్టేయండి. డబ్బు కట్టాక ఆమె వస్తుంది. సంచులు గదిలో పెట్టండి. నిజంగా ఇష్టం లేకపోతే రెండో రోజు మానేయనివ్వండి, కానీ మొదటి పూట మాత్రం ఆమె కాళ్లకు స్కీలు ఉండాలి. చీర అలవాటున్నవాళ్లకు ప్యాంటు, కోటు మొదట్లో ఇబ్బందిగానే ఉంటాయి. గుట్ట మెట్లు ఎక్కే రోజుల్లోనే ట్రాక్ ప్యాంటు వేసుకోవడం మొదలుపెడితే అక్కడికొచ్చేసరికి ఆ బెరుకు పోతుంది.

రోజుకు రెండు గంటల పాఠం, ఒక గంట సొంతంగా. అంతే. మధ్యాహ్నం మూడు దాటాక అలసట ఎక్కువవుతుంది, ఎండ తగ్గి మంచు గట్టిపడుతుంది, దెబ్బలు తగిలేది అప్పుడే. పిల్లలు "ఇంకొక్కసారి" అంటున్నప్పుడే ఆపేయండి, మర్నాడు పొద్దున మిమ్మల్ని వాళ్లే లేపుతారు. మూడో రోజు స్కీలు పట్టుకోకండి. గోర్సోన్ బుగ్యాల్ అనే గడ్డి మైదానం వైపు నెమ్మదిగా నడిచి రండి. తిండి సంగతికొస్తే ఆలూ పరాఠా, రాజ్మా అన్నం దొరుకుతాయి. ఆ ఎత్తులో నీళ్లు వంద డిగ్రీల కంటే తక్కువకే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా వండిన అన్నం బిరుసుగా వస్తుంది. వెల్లుల్లి కారం, నువ్వుల పొడి, ఆవకాయ తీసుకెళ్లండి. నాలుగో రోజు వాటి విలువ తెలుస్తుంది.

ఇన్ని చేసినా మంచు కురవకపోవచ్చు. 2024 జనవరిలో గుల్మార్గే గడ్డి బయటపడి కనిపించింది, వాతావరణం అలా మారుతోంది. కృత్రిమంగా మంచు చేయాలన్నా దానికీ చలి సరిపోవాలి. కాబట్టి పిల్లలతో "మంచులో ఆడుకోవడానికి పోతున్నం" అనకండి, "కొండకు పోతున్నం, మంచు ఉంటే నేర్చుకుందాం" అనండి. లేనప్పుడు ఏం చేస్తామో కూడా ఇంట్లోనే అనుకోండి. బుగ్యాల్ నడక, దేవదారు అడవి, నందాదేవి మీద పొద్దుటి ఎండ, నరసింహస్వామి గుడి. స్కీయింగ్ మరో ఏడాదికి వాయిదా పడినా ఆరు వారాలు గుట్ట మెట్లు దిగిన కాళ్లు ఎక్కడికీ పోవు.

కొడుకో కూతురో అమెరికాలో ఉండి, చలికాలంలో అక్కడికి వెళ్లే తల్లిదండ్రులకూ ఇదే మాట. పిల్లలు కొలరాడో పెద్ద కొండలకు తీసుకెళ్తామంటారు. మొదటిసారికి ఇంటికి గంట దూరంలో ఉన్న చిన్న కొండ, దాని అడుగున పిల్లలు నేర్చుకునే బన్నీ స్లోప్ అడగండి. మనవడి పక్కన నిలబడి నేర్చుకునే అవకాశం అక్కడే ఉంటుంది. స్కీలు వద్దనుకుంటే ఆ వాలు కనిపించే అద్దాల గదిలో వేడి టీతో కూర్చోవచ్చు.

చివరి రోజు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు కొత్త వాలు ఎక్కకండి. మొదటి రోజు పడ్డ చిన్న వాలు మీదే అందరూ ఒక్కసారి జారి, అద్దె సామాను మధ్యాహ్నంలోపు తిరిగి ఇచ్చేయండి. గురువుకు పిల్లల చేత డబ్బు ఇప్పించి, థ్యాంక్స్ చెప్పించండి. తిరుగు ప్రయాణంలో హరిద్వార్‌లో ఒక రోజు ఖాళీగా పెట్టుకోవాలి. కొండచరియ విరిగి దారి ఆగినా, రాత్రి మంచు కురిసి జీపు కదలకపోయినా ఆ రోజు మిమ్మల్ని కాపాడుతుంది, కాజీపేట రైలు తప్పదు. దారి సాఫీగా ఉంటే ఆ సాయంత్రం నానమ్మది. హర్ కీ పౌడీ దగ్గర గంగాహారతికి గంట ముందే వెళ్లి మెట్ల మీద చోటు పట్టుకోండి.